నగలు ఒలిచిన సత్యభామ

(నటి జమున గారి వర్ధంతి సందర్భంగా మాసబ్ ట్యాంక్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



జమున గారి గురించి మాట్లాడటానికి మాసబ్ ట్యాంక్ తగిన చోటేనని నాకు అనిపిస్తుంది. ఇక్కడికి దగ్గర్లోనే, ఏసీ గార్డ్స్ వైపు, ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఆఫీసుంది. ప్రభుత్వం సినిమా వాళ్ళకిచ్చే పురస్కారాల కాగితాలు ఏళ్ళ తరబడి ఆ గదుల్లోనే కదిలాయి. 2008 సంవత్సరానికి జమున గారికి వచ్చిన ఎన్టీఆర్ జాతీయ పురస్కారం వాటిలో ఒకటి. ఇటు నుంచి రోడ్డు ఎక్కి ముందుకు పోతే ఆవిడ చివరి దాకా ఉన్న బంజారా హిల్స్. బొమ్మలు గీయడం, శిల్పం చెక్కడం నేర్చుకునే పిల్లలు ఈ పేటలోని విశ్వవిద్యాలయంలోనే ఉన్నారు. మనిషి భంగిమలో మనసు ఎలా తెలుస్తుందో రోజూ చూసే పిల్లలు మీరు. నేను ఈ పూట చెప్పబోయేది అచ్చంగా మీ పనికి సంబంధించిన విషయమే.

2023 జనవరి 27న జమున గారు పోయారు. అప్పటికి ఆవిడకు 86 ఏళ్ళు. ఆ రోజంతా ప్రతి ఛానెల్లోనూ ఒకటే మాట వినిపించింది. సత్యభామ అంటే జమునే. ఆవిడ పొగరు, ఆవిడ ఠీవి, ఆ ఓరచూపు, ఆ జడ. ఫిల్మ్ ఛాంబర్ దగ్గర నివాళి అర్పించిన వాళ్ళూ అదే అన్నారు, ఇళ్ళల్లో టీవీల ముందు కూర్చున్న అమ్మమ్మలూ అదే అన్నారు. నాకూ ఆ మాట ఇష్టమే. అయితే పొగరు నటించడం అంత కష్టమైన విద్య కాదు. తల కాస్త పైకెత్తి, కనుబొమ విరిచి, మాట సాగదీస్తే చాలామంది చేయగలరు, చేశారు కూడా. ఆ పొగరు ఎక్కడ, ఏ క్షణాన, ఎంత మేరకు విరగాలో జమున గారికి తెలిసినట్టు మన తెరమీద మరొకరికి తెలియదని నా నమ్మకం. విరిగాక కూడా కాస్త మిగలాలని, ఆ మిగిలిన దానిలోనే మనిషి ఉంటుందని ఆవిడ గ్రహించారు. అందరూ ఆవిడ గ్లామర్‌ని పొగుడుతారు. తన గ్లామర్‌ను తానే కెమెరా ముందు ఒక్కొక్కటిగా ఒలిచి పక్కన పెట్టగలిగిన జమున గారి గురించి నేను మాట్లాడతాను.

ఆవిడ 1936 ఆగస్టు 30న హంపీలో పుట్టారు. తండ్రి నిప్పాణి శ్రీనివాసరావు గారు, తల్లి కౌసల్యాదేవి గారు. వ్యాపారం కోసం కుటుంబం గుంటూరు జిల్లా దుగ్గిరాల చేరింది. దుగ్గిరాల అనగానే అందరికీ పసుపు మార్కెట్టు గుర్తొస్తుంది. నాటకాల వాళ్ళకు మాత్రం అది తెనాలి పక్క ఊరు. తెనాలి ఆ రోజుల్లో రంగస్థలానికి రాజధాని. స్థానం నరసింహారావు, మాధవపెద్ది వెంకట్రామయ్య లాంటి వాళ్ళు తిరిగిన గడ్డ. తల్లి దగ్గర సంగీతం, హార్మోనియం నేర్చుకున్న పిల్ల, బడిలోనే నాటకాలకు అలవాటు పడింది. కొంగర జగ్గయ్య గారిదీ ఆ చుట్టుపక్కల ఊరే. దుగ్గిరాల బడిలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పారు కూడా. సావిత్రి గారు నాటకం ఆడటానికి దుగ్గిరాల వచ్చినప్పుడు వీళ్ళింట్లోనే దిగారని, సినిమాల్లోకి రమ్మని ధైర్యం చెప్పింది ఆవిడేనని జమున గారు తరచూ గుర్తు చేసుకునేవారు. తర్వాత చాలా ఏళ్ళ పాటు తెలుగు తెరని ఏలిన ఇద్దరమ్మాయిలు ఒక పల్లెటూరి ఇంట్లో ఒకే చాప మీద కూర్చుని కబుర్లు చెప్పుకుని ఉంటారని ఊహించుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకంలో ఆ పిల్లను చూసినవారు డాక్టర్ గరికపాటి రాజారావు. ప్రజానాట్యమండలి మనిషి. 1953లో వచ్చిన 'పుట్టిల్లు'లో ఆవిడని నాయికను చేశారు. అల్లు రామలింగయ్య గారికీ అదే మొదటి సినిమా. సినిమా ఆడలేదు. కానీ ఆ పదహారేళ్ళ పిల్ల నిలబడింది. మరుసటి రెండేళ్ళలో 'వద్దంటే డబ్బు', 'అంతా మనవాళ్ళే', 'బంగారు పాప', 'దొంగరాముడు', 'మిస్సమ్మ' వరసపెట్టి వచ్చాయి.

ఇక సత్యభామ దగ్గరకు వద్దాం. జమున గారి చేతికి రాకముందు ఆ పాత్ర ఎవరెవరి చేతుల్లో ఉందో చూడాలి.

కూచిపూడిలో సిద్ధేంద్రయోగి భామాకలాపంలో సత్యభామ తెర వెనక నుంచి ముందు తన జడను తెర మీదుగా ఇవతలికి వేసేది. మనిషి కన్నా ముందు జడ వస్తుంది. అది సవాలు. ఆ జడ వేసింది శతాబ్దాల పాటు మగవాళ్ళే. మన కాలంలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆ వేషంలో ఆడవాళ్ళకే వయ్యారం నేర్పారు. ఇటు పద్యనాటకంలో స్థానం వారి సత్యభామ. 'శ్రీకృష్ణ తులాభారం'లో ఆయన తానే రాసుకుని పాడిన పాట ఒకటి ఆంధ్రదేశమంతా మారుమోగింది. భర్త తన మాట దాటగలడా అని ధీమాగా మురిసిపోయే భామ పాట అది. అంటే తెలుగువాళ్ళ ఊహలోని అత్యంత ఆత్మాభిమానవతి అయిన స్త్రీకి రూపం ఇచ్చిందీ, గొంతు ఇచ్చిందీ పురుషులు. ఈ మాట తప్పు పట్టడానికి చెప్పడం లేదు. వాళ్ళు మహానటులు. కానీ మగవాడు ఆడే సత్యభామలో పొగరు ఒక విన్యాసం. చూసేవాళ్ళు ఆ నేర్పుకు చప్పట్లు కొడతారు.

1935లో సి.పుల్లయ్య గారు 'శ్రీకృష్ణ తులాభారం' తీసినప్పుడు సత్యభామగా ఋష్యేంద్రమణి గారు వచ్చారు. అదే సినిమాలో మిత్రవిందగా ఒక చిన్న వేషం వేసిన అందగత్తె కాంచనమాల. తెలుగు సినిమాలో గ్లామర్ అనే మాటకు తొలి చిరునామా ఆవిడే. 1938లో 'మాలపిల్ల' వచ్చాక ఆవిడ పేరు ఇంటింటి మాట అయింది. ఆ 'తులాభారం' వచ్చిన ఇరవై ఏళ్ళకు 'మిస్సమ్మ'లో జమున గారు జమీందారు గారి చిన్నమ్మాయి సీత అయితే, ఆ సీతకు తల్లిగా వేసింది ఎవరనుకున్నారు? ఋష్యేంద్రమణి గారే. తెరమీది తొలి తరం సత్యభామ ఒడిలో రాబోయే సత్యభామ కూర్చుందన్నమాట. సావిత్రి, రామారావు, నాగేశ్వరరావు, రంగారావు, రేలంగి ఉన్న సినిమాలో ఆ సీత తన చోటు తాను తీసుకోగలిగింది. తమిళ 'మిస్సియమ్మ'లోనూ, హిందీ 'మిస్ మేరీ'లోనూ ఆ పాత్ర ఆవిడే వేశారు.

1957లో సముద్రాల రాఘవాచార్యులు గారి 'వినాయక చవితి'లో మొదటిసారి సత్యభామ అయ్యారు. అది శమంతకమణి కథ, అంటే సత్యభామ పెళ్ళి కథ. ఇరవై ఏళ్ళ పిల్ల, పెళ్ళికూతురి బిడియం, అందులోనే దాక్కున్న ధీమా. తొమ్మిదేళ్ళ తర్వాత, 1966లో, రామానాయుడు గారి 'శ్రీకృష్ణ తులాభారం'. కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వం, పెండ్యాల సంగీతం, రామారావు గారి కృష్ణుడు, అంజలీదేవి గారి రుక్మిణి, కాంతారావు గారి నారదుడు. ఈసారి సత్య ముప్ఫయ్యో పడికి వచ్చిన స్త్రీ. భర్త తనవాడని తెలుసు. ఎంత తనవాడో తేల్చుకోవాలనే ఆరాటం కూడా ఉంది.

ఈ సినిమాలో రెండు ఘట్టాలున్నాయి. మొదటిది అందరికీ తెలిసింది. అలిగిన సత్య కాళ్ళ దగ్గర కృష్ణుడు తల వంచడం, ఆమె ఎడమ పాదంతో తన్నడం. నంది తిమ్మన 'పారిజాతాపహరణం' రాసిన నాటి నుంచీ ఇది తెలుగువాళ్ళ సొంత ఆస్తి. 1966 నాటికి రామారావు గారి కృష్ణుడి బొమ్మ క్యాలెండర్లకెక్కి పూజామందిరాల్లో చేరింది. ఆ కిరీటాన్ని ఒక నటి కాలు తాకుతుంటే జనం ఊరుకున్నారు. ఊరుకోవడమేమిటి, కళ్ళప్పగించి చూశారు. ఎందుకని? ఆవిడ ఆ తన్నును కోపంతో చేయలేదు. ఆ క్షణానికి ముందు అలకలో ఆవిడ శరీరాన్నంతటినీ బిగబట్టి ఉంచారు. మెడ ఒక వైపు, భుజం ఒక వైపు, జడ మాత్రం ముందుకు. కాలు కదిలినప్పుడు ఆ బిగువంతా సడలుతుంది. తన్నిన మరుక్షణం ఆ ముఖంలో భయం ముందు వస్తుంది, తర్వాతే గర్వం తిరిగొస్తుంది. ఆ వరస తారుమారైతే ఘట్టం పాడయ్యేది. బొమ్మలు గీసే పిల్లలు ఈ వరసను గమనించండి.

రెండో ఘట్టం తులాభారం. నారదుడి మాటలకు లోబడి సత్య, వ్రతం పేరుతో భర్తను దానమిచ్చేసింది. తిరిగి కొనుక్కోవాలంటే ఆయన ఎత్తు బంగారం తూచాలి. తూకం ఎంతసేపు తన డబ్బుతో జరుగుతుందో అంతసేపూ ఆమె సత్రాజిత్తు కూతురు, శమంతకమణి ఇంటి పిల్ల. తెప్పించిన బంగారమంతా పళ్ళెంలో పడుతుంది. పళ్ళెం కదలదు. అప్పుడు ఒంటిమీది నగల వంతు.

ఆ పాత్ర అందమంతా అంతవరకూ నగల్లో, పట్టులో, అలంకారంలో పెంచుకుంటూ వచ్చారు. పౌరాణిక సినిమాల్లో నాయిక గ్లామర్ అంటే అదే కదా, ఒంటినిండా బంగారం. ఇప్పుడు ఆ నటి తన నాయికాత్వాన్ని తన చేతులతోనే తూకంలో వేస్తోంది. ఒక్కో నగతో ఒక్కో మెట్టు దిగుతోంది. భంగిమలో ఠీవి తగ్గుతూ వస్తుంది కానీ పూర్తిగా పోదు. చివరికి రుక్మిణి దగ్గరకు చేయి చాచి వెళ్ళవలసి వచ్చినప్పుడు కూడా ఆ నడకలో సత్యభామ ఉంటుంది. ఓడిన సత్యభామ, కానీ సత్యభామే. ఒక్క తులసీదళంతో కృష్ణుడున్న పళ్ళెం తేలిపోయాక రుక్మిణిని చూసే చూపులో కృతజ్ఞత ఎంతుందో, తన ఓటమి మీద ఆశ్చర్యం కూడా అంతే ఉంటుంది. నాకు తెలిసి మగవాళ్ళు ఆడిన సత్యభామల్లో లేనిదీ, జమున గారు తెచ్చిందీ ఇదే. ఇక్కడ పొగరు విన్యాసం కాదు. పోతే నొప్పి పుట్టే వస్తువు.

నొప్పి ఆవిడకు తెలుసు. 1950ల చివర్లో రామారావు, నాగేశ్వరరావు గార్లు ఇద్దరూ జమునతో నటించబోమన్నారు. షూటింగుకు ఆలస్యంగా వస్తుందని, పెద్దవాళ్ళ ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటుందని అప్పట్లో రకరకాలుగా చెప్పుకునేవారు. ఎవరి వైపు న్యాయం ఎంతో తూచడానికి నేను రాలేదు. అందరూ పెద్దవాళ్ళే, అందరూ పోయారు. ఒక సంగతి మాత్రం చెప్పి తీరాలి. పరిశ్రమలోని ఇద్దరు అగ్రనటులూ వద్దంటే ఆ రోజుల్లో ఏ నాయిక జీవితమైనా అక్కడితో ముగిసేదే. పాతికేళ్ళు కూడా నిండని అమ్మాయి, తాను తప్పు చేయలేదని, క్షమాపణ చెప్పనని భీష్మించుకుంది. జగ్గయ్య, హరనాథ్ లాంటి నటుల పక్కన నటించింది. తమిళంలో, హిందీలో చేసింది. మూడేళ్ళ తర్వాత విజయా సంస్థ పెద్దలు నాగిరెడ్డి, చక్రపాణి గార్లు పూనుకుని రాజీ చేశారు. 1962లో 'గులేబకావళి కథ', 'గుండమ్మ కథ' రెండూ వచ్చాయి. మొదటి దానిలో పాటలన్నీ రాసి సి.నారాయణరెడ్డి గారు సినిమా కవి అయ్యారు. హైదరాబాదు వాళ్ళుగా మనం గుర్తుంచుకోదగ్గ సంగతి అది.

'గుండమ్మ కథ'లో ఆవిడకు వచ్చిన వేషం చూడండి. సరోజ. గారాబాల కూతురు. గుమ్మం దిగితే కాలు కందుతుందనుకునే పిల్ల. పొగరుమోతని పేరు పడ్డ నటికి పొగరుమోతు పిల్ల వేషం. ఇంకొకరైతే ఆ వేషాన్ని మెత్తబరిచి జనం సానుభూతి సంపాదించుకునేవారు. జమున గారు ఆ పని చేయలేదు. సరోజని నిజంగా పెంకిపిల్లగానే చూపించారు. పక్కన సావిత్రి గారి లక్ష్మి అంత ఓర్పుగా, అంత వెలుగుతో ఉంటే, సరోజ చెడ్డదైపోవడం చాలా తేలిక. కానీ భర్త వెంట తోటపనికి వెళ్ళి, నీళ్ళు పోసి, చేతులు మట్టి చేసుకున్నప్పుడు ఆ పిల్లలో వచ్చే మార్పు బుద్ధి వచ్చిన మార్పులా అనిపించదు. పని చేతకాక విసుక్కునే మనిషి, ఆ పని మెల్లగా చేతికి వచ్చినప్పుడు పడే సంతోషంలా ఉంటుంది. దర్శకులు కమలాకర కామేశ్వరరావు గారే. నాలుగేళ్ళ తర్వాత సత్యభామను ఈవిడ చేతిలో పెట్టడానికి ఆయన ఎందుకు వెనకాడలేదో సరోజను చూస్తే అర్థమవుతుంది.

నేను అన్నిటికన్నా ఎక్కువ ఇష్టపడేది మాత్రం గౌరినే. 1964 జనవరి ఆఖర్లో వచ్చిన ఆదుర్తి సుబ్బారావు గారి 'మూగమనసులు'. ఆత్రేయ, ముళ్ళపూడి వెంకటరమణ గార్ల రచన. గోదావరి మీద పడవ నడిపే గోపి, అతను దేవతలా చూసుకునే అమ్మాయిగారు రాధ, గోపిని మనసిచ్చి ప్రేమించే పల్లెపిల్ల గౌరి. కథ రాధాగోపులది. అయినా ఆ కథ మనకు చెప్పేది గౌరి. ముసలిదైపోయి, ఆ ఇద్దరి సమాధుల దగ్గర కాపలా ఉంటూ, మళ్ళీ పుట్టి వచ్చిన దంపతులకు వాళ్ళ పూర్వజన్మ కథను చెప్పేది ఆమె. తనకు దక్కని ప్రేమకు తానే సాక్షి అయి బతికిన మనిషి. గ్లామర్ నాయికగా వెలుగుతున్న రోజుల్లో, 27 ఏళ్ళ వయసులో, జమున గారు తల నెరిసి నడుము వంగిన ముసలమ్మగా తెరమీదకు వచ్చారు. ఆ ముసలమ్మలో కూడా గౌరి పెంకితనం చావలేదు. గొంతు వణుకుతుంది గానీ మాటలో ఆ పాత దూకుడు ఉంటుంది. గోపి మీద ఆశ ఎప్పుడో పోయింది. పంతం మాత్రం పోలేదు.

ఈ సినిమాను ఆదుర్తి వారే హిందీలో 'మిలన్'గా తీశారు. 1967లో వచ్చింది. నిర్మాత ఎల్.వి.ప్రసాద్ గారు. గోపి పాత్రకు నాగేశ్వరరావు గారి బదులు సునీల్ దత్, రాధకు సావిత్రి గారి బదులు నూతన్. గౌరికి మాత్రం బదులు దొరకలేదు. జమున గారినే బొంబాయి తీసుకెళ్ళారు. ఆ ఏడాది ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి నూతన్, ఉత్తమ సహాయనటి జమున. ఒక తెలుగు పల్లెపిల్ల పాత్ర, పొట్టిచీర, పెంకి మాట, గోదావరి యాసతో పుట్టిన పాత్ర, హిందీ తెరమీద నూతన్ లాంటి మహానటి పక్కన నిలబడి బహుమతి తెచ్చుకుందంటే తెలుగువాళ్ళం ఇంకా గట్టిగా చెప్పుకోవలసింది. ఎందుకో చెప్పుకోలేదు. మన పత్రికలూ, మన సభలూ సత్యభామ దగ్గర ఆగిపోయాయి. నాకు అది బాధ.

1965లో జంతుశాస్త్ర ప్రొఫెసర్ జూలూరి రమణారావు గారితో పెళ్ళయింది. పెళ్ళయిన నాయికను పరిశ్రమ పక్కన పెట్టే రోజులవి. అయినా 'తులాభారం', 'మిలన్', 'ఉండమ్మా బొట్టు పెడతా' అన్నీ పెళ్ళి తర్వాతివే. 1972లో 'పండంటి కాపురం'లో ఇల్లు కూల్చాలని వచ్చే కక్షగట్టిన స్త్రీగా చేశారు. ఆ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. సత్యభామ ధీమా విషంగా మారితే ఎలా ఉంటుందో చూడాలనుకునే వాళ్ళు ఆ సినిమా చూడాలి.

1989లో కాంగ్రెస్ తరఫున రాజమండ్రి నుంచి లోక్‌సభకు గెలిచారు. గౌరి పడవెక్కిన గోదావరి తీరమే ఓట్లేసింది. 1991లో ఓడిపోయారు. ఆవిడ రాజకీయం గురించి నాకు చెప్పవలసింది ఎక్కువ లేదు. కానీ పేద రంగస్థల కళాకారుల కోసం ఆవిడ ఏళ్ళ తరబడి పడ్డ పాటు గురించి చెప్పాలి. హార్మోనియం వాయించేవాళ్ళు, పద్యం పాడి గొంతు పోయినవాళ్ళు, మీసాలు తీసి ఆడవేషం వేసి ముసలివాళ్ళయినవాళ్ళు. వాళ్ళను కూడగట్టి, వాళ్ళ కోసం ఆఫీసుల గడపలు తొక్కారు. దుగ్గిరాల, తెనాలి వేదికల నుంచి వచ్చిన మనిషికి వాళ్ళు పరాయివాళ్ళు కారు. సత్యభామను తన దాకా మోసుకొచ్చింది వాళ్ళేనని ఆవిడకు తెలుసు.

విద్యార్థులకు ఒక పని చెప్పి ముగిస్తాను. 'మూగమనసులు', 'మిలన్' రెండూ తెచ్చుకోండి. గౌరి కనబడే ఘట్టాలను మాత్రమే, మాట ఆపేసి, పక్కపక్కన పెట్టి చూడండి. ఆదుర్తి వారే దర్శకుడు, జమున గారే నటి, కథ అదే. ఎదుట ఉన్న మనుషులు మారారు. నాగేశ్వరరావు గారి గోపి కళ్ళు దించుకునే మనిషి, సునీల్ దత్ గోపి కళ్ళలోకి చూసే మనిషి. ఎదుటి మనిషి మారినందుకు ఆవిడ మెడ ఎక్కడ తిరిగింది, చెయ్యి నడుం మీదకు ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు కిందికి జారింది, కాగితం మీద గీసుకోండి. ఆ తర్వాత 'తులాభారం' నగల ఘట్టానికి రండి. ఆ బొమ్మలు పట్టుకుని ఎవరైనా నా దగ్గరకు వస్తే ఎంతసేపైనా కూర్చుని మాట్లాడతాను.